బ్యారన్ దగ్గర మాయాబజార్

మా జంగారెడ్డిగూడెంలో పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి కాపలా అంటే నిద్రతో కుస్తీ. నాకు తోడు వీసీడీలో ‘మాయాబజార్’. 1957లో కె.వి.రెడ్డి తీసిన ఆ సినిమా చిన్న టీవీలో చెవులకే విందు. రచయిత పింగళి మాటలు వింటే చాలు. 2010లో హైదరాబాద్ గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది విడుదల చేసినప్పుడు పెద్ద తెర మీద చూశాను. శశిరేఖ వేషంలోని ఘటోత్కచుడు పెళ్లిలో లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతాడే, అప్పుడు సావిత్రి ముఖం చూడాలా, రేలంగి ముఖం చూడాలా? మాయ కంబళి ‘గింబళి’తో అల్లు రామలింగయ్య, వంగర పడే పాట్లకు హాలంతా ఒకటే నవ్వు. రంగులు బాగానే ఉన్నాయి గానీ, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెలుగునీడల ముందు అవెంత! మా ఆవిడ రంగుల డిస్కే కొంది. నేను టీవీలో రంగు పూర్తిగా తగ్గించి చూస్తాను.