గని లోపలి పని ఎవరిది?

బొగ్గు గని మొదటినుంచీ మగవాడి పనే అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆడవాళ్లను లోపలికి దిగనివ్వకపోవడం వాళ్ల మేలు కోరి చేసిన పనేనని కార్మిక చట్టాల చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా అంటారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది.

1774లో బెంగాల్‌లోని రాణిగంజ్‌లో మొదలైన బొగ్గు తవ్వకం, రైళ్లు వచ్చాక ఝరియా దాకా పాకిన సంగతి తెలిసిందే. అక్కడ పని ఇంటిల్లిపాదిదీ. సంతాల్, బౌరీ కుటుంబాల్లో మగవాడు మల్కట్టా, బొగ్గు కొట్టేవాడు. భార్య కామిన్. రాలిన బొగ్గును తట్టకెత్తి, నెత్తిన పెట్టుకుని టబ్బు, అంటే బొగ్గు నింపే బండి, దాకా మోసి పోసేది. టబ్బు నిండితేనే ఇద్దరికీ కూలి. 1920ల తొలి ఏళ్లలో బొగ్గు గనుల కార్మికుల్లో దాదాపు మూడో వంతు స్త్రీలే.

1929 నిబంధనలు వాళ్లను లోపలి పని నుంచి తొలగించడం మొదలుపెట్టాయి. బెంగాల్, బీహార్, మధ్య పరగణాల బొగ్గు గనులకు మాత్రం గడువిచ్చారు. లోపలి కార్మికుల్లో స్త్రీలు 29 శాతం మించకూడదు, ఆ వాటా ఏటా మూడు శాతం తగ్గి 1939కల్లా సున్నా కావాలి. 1935లో స్త్రీలను గని లోపలి పనిలో పెట్టకూడదనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం రావడంతో 1937 అక్టోబరుకే నిషేధం పూర్తయింది. ఇందులో దయ బొత్తిగా లేదని నేననను. కడుపుతో ఉండి బరువులు మోసినవాళ్లున్నారు. మహిళా సంఘాలూ నిషేధాన్ని కోరాయి. కానీ బయటికి పంపిన కామిన్‌కు గని పైన అంతే కూలి వచ్చే పని చూపే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. ఇంటికి వచ్చే కూలికి గండి పడింది.

నా పేచీకి అసలు సాక్ష్యం 1943లో ఉంది. యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చింది, కూలీలు చాలలేదు. ప్రభుత్వం తానే నిషేధాన్ని ఎత్తేసింది. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభ దీన్ని నిలదీసినప్పుడు, కార్మిక శాఖ చూస్తున్న అంబేద్కర్ ఇది అత్యవసర చర్య అని సమర్థించుకోవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక, 1946 ఫిబ్రవరిలో మళ్లీ తలుపు మూశారు. ఆడదాని ఒళ్లు ఆ మూడేళ్లలో మారలేదు. మారింది బొగ్గు అవసరం.

1952 గనుల చట్టం అదే గీతను స్వతంత్ర భారతంలోకి మోసుకొచ్చింది. స్త్రీలకు గని పైన మాత్రమే, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా మాత్రమే పని ఉండేది. గనుల జాతీయీకరణ తర్వాత ప్రభుత్వ సంస్థ కోల్ ఇండియాలో ఆడవాళ్లు స్వచ్ఛందంగా తప్పుకుంటే ఆ ఉద్యోగం కొడుక్కి ఇచ్చే పథకాలు నడిచాయి. చట్టం పైన మిగిల్చిన ఆ కాస్త పనీ అలా చేతులు మారింది.

2019 జనవరిలో కేంద్రం లోపలి పనికి దారి తెరిచింది. అయితే సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనులకు మాత్రమే, అదీ పగటిపూటే. ఇంజనీరు అమ్మాయి కేజ్‌లో (గని లిఫ్టులో) కిందికి దిగడం నాకు ఎంతో సంతోషం. చదువుకున్న మన సింగరేణి ఆడపిల్లలకూ ఆ ఉత్తర్వు వర్తించింది. కానీ తట్ట మోసిన కామిన్ మనవరాలు డిప్లొమా లేకుండా కూలిపనికి దిగుతానంటే ఆ ఉత్తర్వులో ఆమెకు చోటు లేకపోయింది. ఎనభై ఏళ్ల తర్వాత తెరిచిన ఆ తలుపు, మూసినప్పుడు బయటపడ్డవాళ్ల కోసం తెరిచింది కాదు.