స్కాలర్‌షిప్ ముందు, పరీక్ష తర్వాత

స్కాలర్‌షిప్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది పరీక్ష. పిల్లవాడు రాత్రింబవళ్ళు చదవాలి, పరీక్షలో నెగ్గాలి, ఆ తర్వాతే డబ్బు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఈ వరస తలకిందులు. స్కాలర్‌షిప్ ముందొస్తుంది, పరీక్ష పెట్టాలా వద్దా అన్న పేచీ తర్వాతొస్తుంది. అక్కడిది తెలివికిచ్చే బహుమానం కాదు లెండి. సర్కారు బడి నచ్చని తల్లిదండ్రులు పిల్లల్ని ప్రైవేటు బడిలో వేసుకోడానికి ప్రభుత్వమిచ్చే ఫీజు డబ్బు.

ఈ పేచీ మూలం వెతకాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఎనిమిదేళ్ళ నుంచి పదహారేళ్ళ దాకా పిల్లలు సర్కారు బడికే వెళ్ళాలని 1922లో ఒరెగాన్ రాష్ట్రంలో చట్టమొచ్చింది. బడులు నడుపుకుంటున్న క్రైస్తవ సన్యాసినులు కోర్టుకెక్కారు. 1925లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. బిడ్డ సర్కారువారి సొత్తు కాదు, ఏ బడిలో వెయ్యాలో తేల్చుకునే హక్కు కన్నవాళ్ళదే అంది. ఇంతవరకూ అందరూ చెప్పుకుంటారు. కానీ బళ్ళనీ, పంతుళ్ళనీ, పిల్లల్నీ పరీక్షించి చూసుకునే అధికారం సర్కారుకుందన్న మాటను అదే తీర్పు కాదనలేదు! ఇద్దరి హక్కూ ఒకే కాగితం మీద పుట్టిందన్నమాట.

1990లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో ఈ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. అందుకోసం పోరాడినావిడ పాలీ విలియమ్స్. శాసనసభ్యురాలు, నల్లజాతి స్త్రీ, నలుగురు పిల్లల తల్లి. ఉన్నవాళ్ళు తమకు నచ్చిన బడి ఎంచుకుంటున్నప్పుడు పేదతల్లికి ఆ వీలెందుకుండకూడదని ఆవిడ వాదన. మొదటి ఏడు ఏడు బళ్ళు, మూడువందల నలభై దాకా పిల్లలు. తర్వాత పథకం వేలమందికి పాకింది. 2010-11లో ఆ పిల్లలందరికీ రాష్ట్రపు పరీక్ష పెట్టి చూస్తే, లెక్కల్లో నగరంలోని సర్కారు బడి పిల్లలకంటే వెనకబడ్డారు. ఒక్క ఏటి మార్కులతో బడి మంచిచెడ్డలు తేలవనుకోండి. కానీ పరీక్షే లేకపోతే ఆ కాస్తా తెలిసేది కాదు కదా!

ఫ్లోరిడాలో మరో దారి తొక్కారు. అంగవైకల్యమున్న పిల్లలకోసం 1999లో ఇద్దరే ఇద్దరు విద్యార్థులతో మెకే స్కాలర్‌షిప్ మొదలుపెట్టారు. చదవడమే కష్టమైన బిడ్డను ఏటా పరీక్షకు కూర్చోబెట్టి తక్కువ మార్కుల ముద్ర వెయ్యడం ఏ తల్లికి ఇష్టం? అందుకని రాష్ట్రపు పరీక్ష అక్కడ తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేశారు. కావాలని అడిగితే సర్కారు పెడుతుంది. పరీక్ష జరిగే చోటికి పిల్లవాణ్ణి తీసుకెళ్ళడం మాత్రం ఇంటివాళ్ళ పని. అడక్కపోతే లేదు. బదులుగా, పిల్లవాడు ఎంతవరకు ముందుకొచ్చాడో బడివాళ్ళు ఏటా తల్లిదండ్రులకు రాసివ్వాలి. 2022లో ఆ పథకం మరో దాంట్లో కలిసిపోయింది.

ఆ కాగితం చూస్తే ముచ్చటేస్తుంది, భయమూ వేస్తుంది. బిడ్డ సంగతి ముందు తల్లికి తెలియాలన్నది ముచ్చట. ఫీజు పుచ్చుకునే బడే ఆ మాట రాస్తుందన్నది భయం. పరీక్ష వద్దనే హక్కు తల్లికుండాల్సిందే. అయితే వద్దన్న రోజునుంచీ బిడ్డ పుస్తకం తెరిచి చూసే పనికూడా ఆవిడ మీదే పడుతుంది. హక్కుతోపాటు ఆ చాకిరీ కూడా!