బ్రేకుల్లేని బైకు పందెం: స్పీడ్‌వే

స్పీడ్‌వే అంటే మట్టి ట్రాకు మీద జరిగే మోటార్‌సైకిల్ పందెం. ఒక్కో రేసులో నలుగురు రైడర్లు నాలుగు చుట్లు తిరగాలి. సుమారు ఒక్క నిమిషంలో అంతా అయిపోతుంది. 500 సీసీ బైకుకు ఒకటే గేరు, బ్రేకులు అసలే ఉండవు. ముందున్నవాడు సడన్‌గా బ్రేకు వేస్తే వెనకవాళ్లు గుద్దుకుంటారని ఈ నియమం. మలుపులో వెనక చక్రాన్ని జారనిస్తూ, ఉక్కు తొడుగున్న ఎడమ కాలు నేలకు ఆనించి బైకును తిప్పుతారు.

1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మైట్‌లాండ్‌లో జానీ హాస్కిన్స్ నడిపిన పందేలతో ఈ ఆటకు పేరొచ్చింది. 1928 ఫిబ్రవరి 19న లండన్ సమీపంలోని హై బీచ్‌లో జరిగిన పోటీతో బ్రిటన్‌లో ఊపందుకుంది. 1936లో వెంబ్లీలో తొలి ప్రపంచ టైటిల్‌ను ఆస్ట్రేలియా రైడర్ లయొనెల్ వాన్ ప్రాగ్ గెలిచాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పనిచేసిన ఆయన, విమానం సముద్రంలో కూలినప్పుడు తోటివారిని కాపాడి జార్జ్ మెడల్ అందుకున్నాడు.

స్వీడన్‌కు చెందిన ఓవే ఫుండిన్ ఐదుసార్లు ప్రపంచ విజేత. స్పీడ్‌వే ప్రపంచ కప్ ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. న్యూజిలాండ్ రైడర్ ఐవాన్ మాగర్ ఆరుసార్లు గెలిచాడు. చివరి టైటిల్ 1979లో, 39 ఏళ్ల వయసులో వచ్చింది.

ఈ ఆటలో పడిపోవడం మామూలే, ఎముకలు విరగడమూ మామూలే. కొందరు మళ్లీ నడవలేకపోయారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అందుకే గాయపడిన రైడర్ల కోసం బ్రిటన్‌లో సహాయ నిధి నడుస్తోంది. మాజీ రైడర్లకూ ఒక సంఘం ఉంది. చప్పట్లు ఆగిపోయాక కూడా పాతవాళ్లను పట్టించుకోవడం ఈ ఆటలో మంచి సంప్రదాయం.