సాలీడును ఎగరేసేది గాలేనా?

శ్రీకాళహస్తిలో ఉన్నది వాయులింగం. ఆ ఊరి పేరులోని ‘శ్రీ’ అంటే సాలీడు. అంటే గాలికీ సాలీడుకీ చుట్టరికం మనకు కొత్త కాదు. కానీ రెక్కల్లేని ఈ పురుగు పోగు వదిలి సముద్రం మీదికి కూడా ఎగిరిపోతుంది. అదంతా గాలి చలవేనా? ఈ తగువు దాదాపు 200 ఏళ్లు నడిచింది.

1820లలో ఇంగ్లండులో జాన్ బ్లాక్‌వాల్ గాలే మోస్తుందన్నాడు, జాన్ ముర్రే విద్యుత్తు అన్నాడు. 1832 నవంబరు 1న, నేలకు 60 మైళ్ల దూరంలో, బీగిల్ ఓడ తాళ్ల మీద చిన్న సాలీళ్లు వేలకొద్దీ వాలాయి. డార్విన్ చూశాడు. మరోసారి సాంటా ఫేలో ఒక సాలీడు వదిలిన పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా కిరణాల్లా విచ్చుకోవడం గమనించాడు. ముర్రే మాట ప్రస్తావించాడు గానీ, వేడిగాలి పైకి లేవడం వైపే మొగ్గాడు.

తేల్చాలంటే ఆకాశంలోని విద్యుత్తును కొలవాలి. మా ట్రాలీ ఉన్న కెర్రీ కౌంటీలోనే, వాలెన్షియా దీవి నుంచి 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ అట్లాంటిక్ కేబులు వేసింది. ఆ ఓడలో ఉన్న బెల్‌ఫాస్ట్ బిడ్డ విలియం థామ్సన్, తర్వాతి లార్డ్ కెల్విన్, అప్పటికే నీటిచుక్కలతో ఆ కొలత తీసే పరికరం తయారుచేశాడు. మబ్బు లేని రోజున కూడా నేల దగ్గర మీటరుకు 100 వోల్టుల దాకా తేడా ఉంటుంది. ఉరుముల మబ్బు కింద అది వేలల్లోకి పోతుంది.

కానీ ఆకాశాన్ని కొలిచేవాళ్లు ఒక దారి, సాలీళ్లను చూసేవాళ్లు ఒక దారి. రెండూ కలిసింది 2018లో. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎరికా మోర్లే, డేనియల్ రాబర్ట్ గాలి చొరని పెట్టెలో సాలీళ్లను ఉంచి విద్యుత్ క్షేత్రం పెట్టారు. అవి కాళ్ల కొనల మీద లేచి, పొట్ట పైకెత్తి, పోగు వదిలి ఎగిరాయి. క్షేత్రం ఆపితే కిందికి దిగాయి. కాళ్ల మీది సన్నని వెంట్రుకలు ఆ క్షేత్రానికి కదలడం కూడా కనబడింది.

అలాగని బ్లాక్‌వాల్ ఓడిపోలేదు. బయట గాలి పాత్ర ఉండనే ఉంది. అయితే గాలి సెకనుకు 3 మీటర్లు దాటితే సాలీళ్లు సాధారణంగా ఎగరవు. గాలే మోస్తుందనుకుంటే, గాలి ఎక్కువైనప్పుడే ఆగిపోవడమేమిటి? విద్యుత్తును లెక్కలోకి తెస్తే ఆ చిక్కు కొంత విడుతుంది.

ముర్రేది ఊహే. దాన్ని పరీక్షకు పెట్టేవాళ్ల కోసం అది అన్నేళ్లు ఎదురుచూసింది.