స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా: పందేనికి చోటు వెతుక్కున్న చరిత్ర

స్పోర్ట్స్ కార్లంటే ప్రాణం పెట్టే మామూలు మనుషులు, అంటే ఉద్యోగులు, వ్యాపారులు, మెకానిక్కులు, విద్యార్థులు కలిసి నడుపుకునే సంస్థ స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1944 ఫిబ్రవరి 26న బోస్టన్‌లో పుట్టింది. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో ఉంది. దేశం నలుమూలలా వందకు పైగా ప్రాంతీయ శాఖలున్నాయి. క్లబ్బు బతుకంతా ఆ శాఖల్లోనే. ఎక్కడికక్కడ సొంత కార్యవర్గం, సొంత పోటీల క్యాలెండరు ఉంటాయి. ఎనభై ఏళ్ల ఈ చరిత్రను ఎక్కడ తిరగేసినా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: కారుంది, నడపాలన్న తహతహ ఉంది, మరి నడపడానికి చోటేది?

క్లబ్బు పుట్టిన నాటికి అమెరికా యుద్ధంలో తలమునకలై ఉంది. 1942లోనే కార్ల కర్మాగారాలు జనానికి బళ్లు చెయ్యడం ఆపేసి ట్యాంకులు, విమానాల పనిలో పడ్డాయి. పెట్రోలుకు రేషను, టైర్లకు రేషను. పాత ఇనుమంతా యుద్ధ అవసరాలకు ఇవ్వాలంటూ ఊరూరా ప్రచారం. అంతకుముందు ఈ సరదాకు పెద్దదిక్కుగా ఉన్నది కొలియర్ సోదరులు 1933లో మొదలుపెట్టిన ఆటోమొబైల్ రేసింగ్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1941లో అది మూతపడింది. అందుకే బోస్టన్ మిత్రబృందం తొలినాళ్లలో పందేల జోలికి పోలేదు. మేలైన పాత కార్లు తుక్కు కింద పోకుండా కాపాడుకోవడం, యజమానులు ఒకరినొకరు కలుసుకోవడం, ఇంతే వాళ్ల లక్ష్యం.

యుద్ధం ముగిశాక కథ మారింది. ఇంగ్లండులో పనిచేసి వచ్చిన సైనికులు అక్కడి చిన్న రెండు సీట్ల కార్ల రుచి మరిగారు. 1945లో వచ్చిన ఎం.జి. టి.సి. వాటిలో పేరున్నది. ఇంజను 1250 సి.సి. మాత్రమే, స్టీరింగు కుడివైపు. అమెరికా కార్ల పక్కన బొమ్మలా కనిపించేది. అయితే మలుపుల్లో అది ఇచ్చే ఆనందం ఆ పెద్ద కార్లకు తెలియదు.

అలాంటి ఎం.జి. ఒకటి కామెరాన్ ఆర్గెట్‌సింగర్ దగ్గర ఉండేది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న ఈ యువకుడికి ఐరోపాలో జరిగేలాంటి రోడ్డు పందెం తమ దేశంలోనూ జరగాలని కోరిక. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు కొసన ఉన్న వాట్కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊరిని ఎంచుకుని, ఊరి పెద్దలను, క్లబ్బును ఒప్పించారు. ఆయన గీసిన దారి 10.6 కిలోమీటర్లు. ఊరి ప్రధాన వీధిలో మొదలై, కొండెక్కి, రాతి వంతెన దాటి, మళ్లీ ఊళ్లోకి దిగుతుంది. కొంత తారు, కొంత సిమెంటు, కొంత మట్టి. మధ్యలో రైలు పట్టాలు కూడా అడ్డొస్తాయి. పందెం సాగినంతసేపు రైళ్లు ఆపడానికి రైల్వే కంపెనీ ఒప్పుకుంది! 1948 అక్టోబరు 2న ఎనిమిది చుట్ల ప్రధాన పందెంలో ఆల్ఫా రోమియో నడిపిన ఫ్రాంక్ గ్రిస్‌వోల్డ్ గెలిచారు. ఆర్గెట్‌సింగర్ తన ఎం.జి.తో తొమ్మిదో స్థానంలో నిలిచారు. యుద్ధానంతర అమెరికాలో రోడ్డు పందేలు ఇక్కడే మొదలయ్యాయి.

రెండు మూడేళ్లలో ఈ జ్వరం దేశమంతా పాకింది. లాంగ్ ఐలండ్‌లో బ్రిడ్జ్‌హాంప్టన్, విస్కాన్సిన్‌లో ఎల్క్‌హార్ట్ లేక్, కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్. అన్నీ జనం రోజూ తిరిగే దారులే. రోడ్డు పక్కన గడ్డి మూటలు, తాళ్లు తప్ప ప్రేక్షకులకు వేరే రక్షణ లేదు. 1950లో వాట్కిన్స్ గ్లెన్‌లో ఫెరారి నడుపుతూ సామ్ కొలియర్ చనిపోయారు. పాత క్లబ్బు పెట్టిన ఆ సోదరుల్లో ఆయనొకరు. 1952లో అదే ఊరి వీధిలో ఒక కారు కాలిబాట మీది జనాన్ని రాసుకుంటూ పోయింది. ఏడేళ్ల బాలుడు ప్రాణం కోల్పోయాడు, పన్నెండు మంది గాయపడ్డారు. ఊరి మధ్య పందేలకు అంతటితో తెరపడింది. ఇది తప్పకుండా పడాల్సిన తెరే. డ్రైవరు తన ప్రాణం పణంగా పెట్టవచ్చు గానీ, అరుగు మీద నిలబడి చూసే పిల్లవాడి ప్రాణం పెట్టే హక్కు ఎవరికీ లేదు.

దారులు మూసుకుపోయిన వేళ చోటు ఎవరూ ఊహించని వైపు నుంచి దొరికింది. అమెరికా బాంబర్ల దళానికి అప్పటి అధిపతి జనరల్ కర్టిస్ లెమే. ఆయనకూ స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉంది, సొంతంగా అల్లార్డ్ కారు ఉంది. వైమానిక స్థావరాల రన్‌వేలను పందేలకు ఇచ్చారు. వెడల్పాటి కాంక్రీటు, కంచె, క్రమశిక్షణ గల కాపలా అన్నీ అక్కడ సిద్ధంగా ఉన్నాయి. టికెట్ల డబ్బు వైమానిక సిబ్బంది సౌకర్యాలకు వెళ్లింది. 1952లో జార్జియాలోని టర్నర్ స్థావరంలో మొదలైన ఈ ఏర్పాటు 1954 దాకా నడిచింది. సైనిక స్థావరాల్లో సరదా పందేలేమిటని అమెరికా చట్టసభ సభ్యులు నిలదీయడంతో ఆగిపోయింది. ఆ రెండేళ్లే లేకపోతే క్లబ్బు పందేల విభాగం నిలబడేదా అన్నది అనుమానమే.

రన్‌వేలు పందేలకు పనికిరావడం మన దగ్గరా జరిగింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం దగ్గర మిగిలిపోయిన యుద్ధకాలపు రన్‌వే మీద ఏళ్ల తరబడి పోటీలు జరిపింది. తర్వాత శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది.

అమెరికాలో సొంత ట్రాకుల కాలం 1955లో విస్కాన్సిన్‌లోని రోడ్ అమెరికాతో ఊపందుకుంది. మరుసటి ఏడాది వాట్కిన్స్ గ్లెన్‌లో ఊరికి ఎగువన కొత్త ట్రాక్ వెలిసింది. 1956లోనే పెబుల్ బీచ్ చెట్ల మధ్య డ్రైవర్ ఎర్నీ మెకాఫీ మరణించాక, అక్కడి పందేలు 1957లో లగునా సెకాకు తరలాయి. అదే ఏడాది కనెటికట్‌లో లైమ్ రాక్ ట్రాక్ మొదలైంది. ఇరుగుపొరుగు కోర్టుకెక్కడంతో 1959 నుంచి అక్కడ ఆదివారం పందేలు లేవు. నేటికీ ఆ నియమం అమల్లోనే ఉంది. గోడ కట్టుకున్నంత మాత్రాన చోటు గొడవ తీరదు.

భద్రత విషయంలో ఈ ఔత్సాహికులు లోకానికి ఇచ్చినది చాలామందికి తెలియదు. 1956లో కాలిఫోర్నియాలోని ఆర్కేటా దగ్గర జరిగిన పోటీలో విలియం పీట్ స్నెల్ అనే డ్రైవరు తలకు దెబ్బ తగిలి చనిపోయారు. పెట్టుకున్న హెల్మెట్టు ఆయన్ని కాపాడలేకపోయింది. స్నేహితులు, తోటి రేసర్లు, వైద్యులు కలిసి మరుసటి ఏడాది ఆయన పేరిట ఫౌండేషన్ స్థాపించి, హెల్మెట్లను పరీక్షించి ప్రమాణాలు నిర్ణయించడం మొదలుపెట్టారు. నాణ్యమైన హెల్మెట్ల లోపల కనిపించే స్నెల్ స్టిక్కరు వెనక ఉన్న మనిషి ఆయనే. 1951లో క్లబ్బు తొలి జాతీయ విజేత అయిన జాన్ ఫిచ్‌దీ ఇలాంటి కథే. 1955లో ఫ్రాన్స్‌లోని ల మాన్ పందెంలో ఆయన సహ డ్రైవరు నడుపుతున్న కారు జనంలోకి దూసుకెళ్లి ఎనభై మందికి పైగా మరణించారు. ఆ విషాదం ఆయన్ని వదల్లేదు. వేగంగా వచ్చే కారును మెల్లగా ఆపే ఇసుక నింపిన ప్లాస్టిక్ పీపాలను రూపొందించారు. అమెరికా హైవేలు చీలే చోట వరుసగా కనిపించే ఆ పీపాలు లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడాయి.

తొలి రోజుల్లో క్లబ్బు పందేల్లో నగదు బహుమతి లేదు. డబ్బొస్తే ఆట చెడుతుందని పాత సభ్యుల నమ్మకం. 1960ల్లో జాన్ బిషప్ నిర్వహణ బాధ్యత తీసుకున్నాక వృత్తి పందేలకూ తలుపు తెరిచారు. 1966లో మొదలైన ట్రాన్స్-ఆమ్, కాన్-ఆమ్ పోటీలు ప్రపంచ ప్రసిద్ధమయ్యాయి. 1969లో బిషప్ విడిపోయి ఇమ్సా అనే వేరు సంస్థ పెట్టారు. ఔత్సాహికత, వృత్తి మధ్య ఈ పెనుగులాట క్లబ్బులో చాలాకాలం సాగింది.

ఔత్సాహికుల వైపు మాత్రం చక్కని ఆలోచనలు పుట్టాయి. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజను, గేరుబాక్సు, ముందు చక్రాల అమరికతో తయారయ్యే ఫార్ములా వీ కారును క్లబ్బు 1963లో పోటీ తరగతిగా గుర్తించింది. అందరి చేతిలో ఒకే శక్తి ఉంటే డబ్బున్నవాడు ఇంజను కొని గెలవలేడు. ఈ తరగతి ఖండాలు దాటింది. తర్వాత ఫార్ములా వన్ విజేతలైన నికీ లౌడా, కేకే రోస్‌బర్గ్ తమ తొలినాళ్లలో ఈ కార్లే నడిపారు. 1964లో రివర్‌సైడ్‌లో మొదలైన జాతీయ తుది పోటీలనే ఇప్పుడు రనాఫ్స్ అంటున్నారు. సినిమా నటుడు పాల్ న్యూమన్ ‘విన్నింగ్’ చిత్రం కోసం డ్రైవింగు నేర్చుకుని, ఆ మోజులో రేసరుగా మారి, 1976, 1979, 1985, 1986 సంవత్సరాల్లో జాతీయ విజేతగా నిలిచారు. ఎంట్రీల్లో పి.ఎల్. న్యూమన్ అనే రాయించుకునేవారు.

అయితే ఎక్కువమంది సభ్యుల వారాంతం గడిచేది పెద్ద ట్రాకుల మీద కాదు, పార్కింగు స్థలాల్లో. దీన్ని ఆటోక్రాస్ అంటారు. క్లబ్బు పెట్టిన పేరు సోలో. ఖాళీ కాంక్రీటు మీద ప్లాస్టిక్ కోన్లతో మెలికల దారి పరుస్తారు. డ్రైవర్లు ముందు కాలినడకన దాన్ని తిరిగి మలుపులు బట్టీపడతారు. తర్వాత ఒక్కొక్క కారే గడియారంతో పోటీపడుతుంది. కోను పడితే రెండు సెకన్ల జరిమానా, గేటు తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. సమయాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. ఇందులో ఒక మంచి కట్టుబాటుంది: ప్రతి డ్రైవరూ తన వంతు కానప్పుడు ఎండలో నిలబడి, ఇతరులు పడేసిన కోన్లు సరిచెయ్యాలి. జాతీయ పోటీలు 1973 నుంచి జరుగుతున్నాయి. 2009 నుంచి వాటి వేదిక నెబ్రాస్కాలోని లింకన్, అంటే ఒకప్పటి లెమే దళపు స్థావరం. వెయ్యికి పైగా డ్రైవర్లు అక్కడికి వస్తారు.

శాఖలు మామూలు రోడ్ల మీద ర్యాలీలు కూడా పెడతాయి. వాటిలో వేగానికి విలువ లేదు. ఇచ్చిన దారిలో, ఇచ్చిన సగటు వేగంతో, తనిఖీ కేంద్రానికి సరిగ్గా సమయానికి చేరాలి. ముందొచ్చినా, ఆలస్యమైనా మార్కులు పోతాయి. పక్క సీట్లో లెక్కలు వేసే జతగాడు లేకుండా ఈ పోటీ గెలవలేరు.

వీటన్నిటినీ మోసేది జీతం లేని చేతులే. ట్రాక్ పందేల్లో మలుపు మలుపుకీ తెల్ల దుస్తుల్లో జెండాలతో నిలబడేవాళ్లు, కార్ల బ్రేకులు, బెల్టులు తనిఖీ చేసేవాళ్లు, సమయం రాసేవాళ్లు, అంబులెన్సు పక్కన ఉండే వైద్యులు చాలావరకు సభ్యులే. వాళ్లకూ శిక్షణ, లైసెన్సు ఉంటాయి. ఆటోక్రాస్‌కు కొత్తగా వచ్చేవారు సాధారణంగా రోజూ ఆఫీసుకు వెళ్లే కారుతోనే వస్తారు. శాఖ వారికి హెల్మెట్టు అరువిస్తుంది, కారును తనిఖీ చేస్తుంది, ఒక పాతకాపును పక్క సీట్లో కూర్చోబెట్టి కోన్ల మధ్యకు పంపుతుంది.