వెనక్కి తిప్పి చూస్తే

వాచీని ఎవరైనా ముందువైపు చూసి ముచ్చటపడతారు. సైన్యం వాచీలు సేకరించేవాళ్ళు మాత్రం చేతిలోకి తీసుకోగానే వెనక్కి తిప్పుతారు. ఇంగ్లండు వచ్చాక నాకూ ఈ పిచ్చి అంటుకుంది.

1970లలోనూ, 1980ల మొదట్లోనూ బ్రిటిష్ దళాలకి ఇచ్చిన క్రోనోగ్రాఫుల సంగతే చూడండి. క్రోనోగ్రాఫ్ అంటే టైము చూపిస్తూనే, మీట నొక్కితే స్టాప్‌వాచీలా కూడా పనిచేసే గడియారం. హామిల్టన్, సీడబ్ల్యూసీ, న్యూమార్క్, ప్రెసిస్టా అని నాలుగు పేర్లతో వచ్చాయి కానీ, చూడ్డానికి దాదాపు అన్నీ ఒకటే. లోపల ఉండేది స్విట్జర్లండులో తయారైన వాల్‌జూ 7733 యంత్రం. రోజూ కీ ఇవ్వాలి. కుడివైపు అంచు కాస్త వెడల్పుగా ఉంటుంది, మీటలకి దెబ్బ తగలకుండా. వీటికి ముందు వాడిన లెమానియా వాచీలకి ఒకటే మీట. మొదటి నొక్కుకి ముల్లు కదులుతుంది, రెండో నొక్కుకి ఆగుతుంది, మూడో నొక్కుకి సున్నాకొస్తుంది.

ఇదంతా దేనికంటే, దారి తెలుసుకోడానికి. గంటకి 240 నాటికల్ మైళ్ళ వేగంతో పోయే విమానం నిమిషానికి నాలుగు మైళ్ళు దాటుతుంది. కింద మబ్బులు కమ్మేస్తే దిక్కు, వేగం, గడిచిన కాలం, ఈ మూడింటితోనే ఎక్కడున్నామో లెక్క కట్టుకోవాలి. అర నిమిషం తప్పితే రెండు మైళ్ళు తప్పినట్టే.

ఇక వెనకవైపు. అక్కడ ఉండే బాణం గుర్తుకి అర్థం, ఇది ప్రభుత్వం సొత్తు అని. సంఖ్య 0552తో మొదలైతే నౌకాదళానిది, 6బీబీతో మొదలైతే వైమానిక దళానిది. కింద వరస నంబరు, ఒక గీత, సంవత్సరంలో చివరి రెండంకెలు. అంతే. మనిషి పేరు ఉండదు.

మనవాళ్ళు స్టీలు గ్లాసు మీద కూడా పేరు చెక్కిస్తారు. అటక మీంచి దింపిన పాత బిందె, అది ఏ మేనత్త ఏ గృహప్రవేశానికి ఇచ్చిందో తారీఖుతో సహా చెబుతుంది. ఈ వాచీ అలా చెప్పదు. ఎందుకంటే అది కట్టుకున్నవాడిది కాదు, స్టోర్సుది. పనయ్యాక తిరిగి అప్పగించాలి, అది ఇంకొకరి చేతికి పోతుంది. 1984లో వైమానిక దళానికి సీకో క్వార్ట్జ్ క్రోనోగ్రాఫులు వచ్చాయి. కీ ఇచ్చే వాచీలతో పని తగ్గింది. దళాలు వదిలించుకున్నవి మెల్లగా సంతల్లోకీ, వేలంపాటల్లోకీ చేరాయి.

ఇప్పుడు ధర బాగా పెరిగింది. దాంతో పాత వాచీకి మెరుగు పెట్టించి కొత్తదానిలా అమ్మడం మొదలైంది. మెరుగు పెట్టినప్పుడల్లా బాణం గుర్తూ, అంకెలూ అరిగిపోతాయి. డయలు మీద గుండ్రటి గీతలో టీ అక్షరం ఉంటే, చీకట్లో మెరవడానికి ట్రిటియం పూశారని అర్థం. పన్నెండేళ్ళ చిల్లరకి దాని శక్తి సగమైపోతుంది కాబట్టి, ఇన్నేళ్ళకి మసకబారడం సహజం. అలాంటిది ధగధగా మెరుస్తోందంటే ఎవరో కొత్త రంగు పూశారన్నమాట. కొత్త మూతల మీద దొంగ అంకెలు చెక్కి అంటగట్టేవాళ్ళూ ఉన్నారు.

కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేదొకటే. గీతలు పడ్డదాన్నే కొనండి, కొన్నాక అలాగే ఉంచండి. ప్రభుత్వం తన గుర్తు చెక్కుకుంది, తన నంబరు వేసుకుంది. కట్టుకున్న మనుషులు వదిలి వెళ్ళింది ఆ గీతలే.