ఉపరితల వాతావరణ పటాలు – వాతాగ్ర సిద్ధాంతం: పరిణామం, పరిమితులు

తుపాను హెచ్చరికల సమయంలో పత్రికలు, జిల్లా యంత్రాంగం పరిశీలించవలసిన ప్రధాన ఆధారాలలో ఉపరితల వాతావరణ పటం ఒకటి. ఐరోపా, అమెరికా దేశాల పటాలలో కనిపించే నీలిరంగు త్రికోణాలు, ఎర్రరంగు అర్ధవృత్తాలతో కూడిన రేఖలు బంగాళాఖాతపు తుపానుకు గీయబడవు. ఇందుకు కారణం తెలియవలెనన్న వాతాగ్ర సిద్ధాంతం ఎక్కడ, ఏ అవసరం నుండి పుట్టినదో తెలుసుకొనవలసి ఉన్నది.

పటం రూపొందే విధానం

వివిధ కేంద్రాలలో ఒకే సమయంలో నమోదైన వాయుపీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలి దిశ, వేగం, మేఘాలు, వర్షపాతం వివరాలను అంతర్జాతీయ సంకేతాలతో పటంపై గుర్తిస్తారు. ఎత్తు పెరిగిన కొలదీ పీడనం తగ్గును గనుక, విలువలను ముందుగా సముద్రమట్టానికి సవరిస్తారు. పిదప సమాన పీడనం గల స్థలాలను కలుపుతూ సమభార రేఖలు గీస్తారు. భారత వాతావరణ శాఖ పటాలలో ఈ రేఖల మధ్య అంతరం 2 హెక్టోపాస్కల్‌లు. రేఖలు దగ్గరైన కొలదీ గాలి తీవ్రత హెచ్చును. ఉత్తరార్ధ గోళంలో గాలికి వీపు చూపి నిలిచినచో అల్పపీడనం ఎడమవైపు ఉండునని డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో ప్రకటించిన నియమం నేటికీ పట పఠనానికి తొలి పాఠం.

తొలి ప్రయత్నాలు

జర్మనీకి చెందిన బ్రాండెస్, 1783 నాటి పరిశీలనలను పటాల పద్ధతిలో విశ్లేషించి, ఫలితాలను 1820లో వెలువరించారు. అయితే సమాచారం సత్వరమే ఒకచోటికి చేరే సాధనం నాడు లేదు. టెలిగ్రాఫు రాకతో ఆ లోపం తీరినది. 1854 నవంబరు 14న నల్లసముద్రంలో తుపాను వలన బ్రిటిష్, ఫ్రెంచి నౌకలు నష్టపోయిన పిమ్మట, ఫ్రెంచి శాస్త్రవేత్త లెవెరియే కృషితో పరిశీలనా కేంద్రాల వ్యవస్థ ఏర్పడినది. మన దేశంలో 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుపానులు ధ్వంసం చేశాయి. మచిలీపట్నంలో సుమారు 30 వేల మంది మరణించినట్లు అంచనా. ఈ విపత్తుల నేపథ్యంలో 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పాటైనది.

బెర్గెన్ శాస్త్రవేత్తల కృషి

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నార్వేకు ఆహార దిగుమతులు తగ్గాయి. బ్రిటన్ నుండి వాతావరణ సమాచారం నిలిచిపోయినది. రైతులకు, మత్స్యకారులకు సూచనలు ఇచ్చుటకై 1918లో విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్ బెర్గెన్ నగరం కేంద్రంగా దట్టమైన పరిశీలనా కేంద్రాలను నెలకొల్పారు. ఆ వివరాలను విశ్లేషించిన ఆయన కుమారుడు యాకోబ్, గాలులు కలిసే రెండు రేఖలు ఉన్నట్లు గుర్తించి 1919లో వ్యాసం ప్రచురించారు. చల్లని, వెచ్చని వాయురాశులు ఎదురెదురు సైన్యాల వలె తలపడు ఆ హద్దులకు యుద్ధ పరిభాష నుండి ‘ఫ్రంట్’ అను పేరు వచ్చినది. దానినే తెలుగులో వాతాగ్రం అంటున్నాము.

చల్లని గాలి ముందుకు చొచ్చుకొని వచ్చునది శీతల వాతాగ్రం. వెచ్చని గాలి చల్లని గాలిపైకి ఎక్కునది ఉష్ణ వాతాగ్రం. మొదటిది రెండవదానిని అందుకొనే దశను టోర్ బెర్యెరోన్ వివరించారు. 1922లో యాకోబ్, హాల్వోర్ సోల్బెర్గ్ ఈ తరహా తుపానుల పుట్టుక నుండి క్షీణత వరకు గల దశలను క్రోడీకరించారు.

మన తుపానులకు ఎందుకు వర్తించదు?

మధ్య అక్షాంశాల తుపానులకు శక్తి వాయురాశుల ఉష్ణోగ్రతా భేదం నుండి లభిస్తుంది. బంగాళాఖాతపు తుపానులకు అది వెచ్చని సముద్రపు నీటి ఆవిరి ఘనీభవించుటలో వెలువడే వేడి నుండి లభిస్తుంది. చుట్టూ గాలి దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉండుటచే వాతాగ్రానికి తావు లేదు. శీతాకాలంలో వాయవ్య భారతానికి వచ్చే పశ్చిమ అలజడులు మాత్రం మధ్య అక్షాంశాల సంతతికి చెందినవి.

గమనించవలసిన అంశాలు

ఉష్ణమండలంలో పీడనం ప్రతిరోజూ ఉదయం, రాత్రి సుమారు 10 గంటలకు పెరిగి, తెల్లవారుజామున, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో తగ్గుతుంది. కనుక మధ్యాహ్నపు తగ్గుదలను మాత్రమే చూసి తుపాను సూచనగా భావించరాదు. క్రితం రోజు అదే సమయపు విలువతో పోల్చవలెను.

శీతల వాతాగ్రం దాటిన పిదప సాధారణంగా గాలి దిశ మారి, చల్లదనంతో ఆకాశం తేటపడును. బంగాళాఖాతపు తీవ్ర తుపానులో కలుగు ప్రశాంతత అట్టిది కాదు. అది తుపాను కన్ను దాటుచున్న వేళ. కొద్దిసేపటికే వ్యతిరేక దిశ నుండి పెనుగాలి తిరిగి వీచును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేల మందిని కోల్పోయిన రాష్ట్రంలో ఈ భేదం కేవలం శాస్త్ర విషయం కాదు. గాలి తగ్గినంత మాత్రాన ప్రజలు పునరావాస కేంద్రాలను వీడరాదని, అధికారిక ప్రకటన వెలువడు వరకు వేచి ఉండవలెనని వార్తలలోను, దండోరాలోను స్పష్టం చేయుట అవసరం.